తాళం గుర్తు చెప్పనిది

గ్రంథాలయం మేడ మీది గదిలో వారానికి రెండు మధ్యాహ్నాలు పెద్దవాళ్లకు కంప్యూటరు నేర్పే ఆమెను అందరూ తాళం టీచరమ్మ అనేవారు. ఆ పేరు పెట్టింది అక్కడ నేర్చుకోవడానికి వచ్చే రిటైరైన బస్సు డ్రైవరు. ఏ సైటు తెరిచినా ఆమె ముందుగా "పైన తాళం గుర్తు ఉందా, చూసుకోండి" అనేది మరి.

తరగతిలో పదకొండు మంది. వేలు పెడితే ఇల్లు గుల్లవుతుందని సొంత పిల్లలే భయపెట్టగా, మౌసు పట్టుకోవడానికి కూడా జంకుతూ వచ్చినవాళ్లు. వాళ్ల బెదురు తీర్చడానికి ఆమె అందరి బ్రౌజర్లలోనూ ఉచితంగా దొరికే ఒక రక్షణ సాధనం ఎక్కించింది. సైటు తెరవగానే మూలన చిన్న గుర్తు పడుతుంది. మంచిదైతే పచ్చ, అనుమానముంటే పసుపు, మోసమైతే ఎరుపు.

"ఎర్ర లైటు పడితే ఆగమని నాకు నేర్పాలా అమ్మా? ముప్పై ఏళ్లు అదే పని చేశాను," అన్నాడు డ్రైవరు. "రెండుసార్లు ఆగలేదనుకోండి. ఆ సంగతి ఇప్పుడెందుకు?"

గదంతా నవ్వింది. వాళ్లలో ఒకడైన దర్జీ మాత్రం తల వంచుకుని నోటుపుస్తకంలో రాసుకుంటున్నాడు. అరవై ఎనిమిదేళ్ల మనిషి, రెండుసార్లు కొలవనిదే గుడ్డ మీద కత్తెర పెట్టని మనిషి. రాయడం ఆపి అడిగాడు.

"టీచరమ్మా, తలుపుకి తాళం ఉంది, సరే. లోపల కూర్చున్నవాడే దొంగైతే?"

"అందుకేగా బాబాయ్ గారూ పచ్చ గుర్తు. తాళం ఉండి, పచ్చగా కూడా ఉంటే నిశ్చింతగా ముందుకెళ్లండి."

అది సగం నిజమని ఆమెకు తెలుసు. మనం రాసేది దారిలో ఎవరూ చదవలేరని చెప్పడమే తాళం పని. అవతలి కొసన ఉన్నవాడు ఎలాంటివాడో దానికి పట్టదు. పచ్చ గుర్తుదీ అంతంతమాత్రమే. ఆ సైటు మోసగాళ్ల జాబితాలోకి ఇంకా ఎక్కలేదని చెబుతుంది, అంతే. ఇదంతా విడమర్చి చెబుదామనే అనుకుంది. అప్పుడప్పుడే ధైర్యం చిక్కిన ఆ మొహాలు చూసి, వచ్చే నెల చెప్పొచ్చులే అని ఊరుకుంది.

దర్జీ భార్యకు చిన్నప్పటి నుంచీ మూర్ఛ ఉంది. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి వేసుకునే బిళ్ల ఆ జబ్బును ఇరవై ఏళ్లుగా అదుపులో ఉంచింది. ఆ ఏడాది ఆ బిళ్ల దుకాణాల్లో దొరక్కుండా పోయింది. దర్జీ కాళ్లరిగేలా తిరిగాడు. డాక్టరు రాసిచ్చిన వేరే మందు ఆమెకు పడక, రోజంతా తల తిరిగి మంచానికే అతుక్కుపోయింది. ఇక లాభం లేదని దర్జీ కంప్యూటరు ముందు కూర్చుని, నోటుపుస్తకం తెరిచి, అందులో రాసుకున్నది రాసుకున్నట్టు చేశాడు. ఒక మందుల సైటు దొరికింది. తాళం ఉంది. పచ్చగా ఉంది.

అయిదో రోజుకల్లా పార్శిలు వచ్చింది. అదే డబ్బా, అవే అక్షరాలు. ఎవరి సాయమూ లేకుండా తెప్పించానన్న సంబరంతో ఆ సైటు పేరు డ్రైవరుకు కూడా చెప్పాడు.

ఆ బిళ్లలు మొదలుపెట్టిన పదిహేడో రోజు మధ్యాహ్నం భార్యకు స్నానాలగదిలో మూర్ఛ వచ్చింది. ముందుగదిలో దర్జీ ఎవరివో కిటికీ తెరలు కుడుతున్నాడు. మిషను చప్పుడులో ఏమీ వినపడలేదు. దారం అయిపోయి ఆపినప్పుడు నీళ్లు పొర్లుతున్న శబ్దం వచ్చింది. పిలిచాడు. పలకలేదు. తలుపు బద్దలుకొట్టేసరికి అంతా అయిపోయింది.

ఆసుపత్రివాళ్లు మిగిలిన బిళ్లలు పరీక్షకు పంపారు. సుద్దపొడి, పిండి తప్ప వాటిలో మందన్నదే లేదని వారం తర్వాత కాగితం వచ్చింది.

ఆ కాగితం జేబులో పెట్టుకుని దర్జీ తరగతికి గంట ముందే మేడ మెట్లెక్కాడు. టీచరమ్మ ఒక్కతే ఉంది. ఆయన తన కుర్చీలో కూర్చుని, జరిగింది మొదటి నుంచీ చెప్పి, నోటుపుస్తకం ఆమె ముందు పెట్టాడు.

"నేనెక్కడ తప్పు చేశానో చూపించమ్మా."

ఆమె ఆ సైటు తెరిచింది. తాళం ఉంది. పక్కన గుర్తు మాత్రం ఎర్రగా ఉంది.

"ఆ రోజు పచ్చగా ఉంది," అన్నాడు దర్జీ. "ఒట్టు. రెండుసార్లు చూశాను."

"మీరు చూసే ఉంటారు బాబాయ్ గారూ."

సైటు ఎప్పుడు పుట్టిందో వెతికింది. ఆయన మందు తెప్పించడానికి పదకొండు రోజుల ముందు. ఫిర్యాదు చేసేంత వ్యవధి కూడా ఎవరికీ దొరకలేదు. ఎర్ర గుర్తు పెట్టి నాలుగు రోజులే అయింది.

"అంటే మా ఇంటావిడ పోయాక తెలిసిందా దీనికి?"

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదేనని ఆమెకు అనిపించింది గానీ, ఆయన ముందు సామెత ఎత్తడానికి మనసొప్పలేదు.

"మీ తప్పేం లేదు. నేను సగమే నేర్పాను. మీరు అడిగారు కూడా, లోపలివాడే దొంగైతే అని. నేను దాటేశాను."

ఆయన మొహంలో కోపం కనపడలేదు. కోప్పడితే బాగుండునని ఆమెకు అనిపించింది.

"సగం కొలతలిస్తే నేను గుడ్డ కత్తిరించనమ్మా," అన్నాడు చివరికి. లేచి గుమ్మం దాకా వెళ్లి ఆగాడు. "ఈ సైటు డ్రైవరుకి కూడా చెప్పాను."

ఆమె వెంటనే డ్రైవరుకు ఫోను చేసింది.

"నాక్కాదమ్మా, మా అక్కకి," అన్నాడు డ్రైవరు అవతల నుంచి. "బీపీ బిళ్లలు తెప్పించాను. పది రోజుల్నుంచి వేసుకుంటోంది. బాగానే ఉంది. కాస్త తలనొప్పి అంటోంది, అంతే."

"ఉన్నపళంగా ఆసుపత్రికి తీసుకెళ్లండి. మళ్లీ చెప్తాను అన్నీ."

తీసుకెళ్లారు. ప్రాణం దక్కింది. బీపీ పెరిగిపోయి ఎడమ కన్ను మాత్రం అప్పటికే మసకబారింది. ఆ చూపు మళ్లీ రాలేదు.

మూడో రోజు దర్జీ కూతురు గ్రంథాలయానికి వచ్చింది. నిలబడే మాట్లాడింది.

"పోలీసు స్టేషన్లో మా నాన్న తెలీక ఏదో నొక్కేశాడని రాసుకున్నారు. ఆయన మీరు నేర్పినట్టే చేశాడని మీరు రాసివ్వాలి."

పక్కనే ఉన్న గ్రంథాలయాధికారి కల్పించుకున్నాడు. "చూడమ్మా, క్లాసు ఉచితం, ఆ సాధనమూ ఉచితం. గ్యారంటీ అని మేమెక్కడా అనలేదు." తర్వాత టీచరమ్మను పక్కకు పిలిచి, పాము చావకుండా కర్ర విరగకుండా ఏదో నాలుగు ముక్కలు రాసివ్వమన్నాడు.

ఆమె బల్ల దగ్గర కూర్చుని రెండు పేజీలు రాసింది. ఏం నేర్పిందీ, ఏం నేర్పకుండా వదిలేసిందీ, ఆయన అడిగిన ప్రశ్నా, తనిచ్చిన జవాబూ అన్నీ రాసి సంతకం పెట్టింది. కూతురు అక్కడే చివరిదాకా చదివింది.

"మా అమ్మకి మీరంటే గౌరవం," అంది. "నాన్నకి ధైర్యం నేర్పారని అందరికీ చెప్పేది." కాగితాలు మడిచి సంచిలో పెట్టుకుని వెళ్లిపోయింది.

తరగతి ఆగిపోయింది. సైటు నడిపినవాళ్లు దొరకలేదు. పార్శిలు మీద ఉన్నది దొంగ చిరునామా. మరో పది రోజులకు అవే డబ్బాల బొమ్మలతో, వేరే పేరుతో ఇంకో సైటు టీచరమ్మ కంటపడింది. దానికీ తాళం ఉంది. అదీ పచ్చగానే ఉంది. రక్షణ సాధనం తయారుచేసినవాళ్లకు రాసింది. మీ సహకారానికి ధన్యవాదాలు, పరిశీలిస్తాం అని జవాబొచ్చింది. ఎర్రబడడానికి నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రోజుల్లో ఎవరెవరి ఇళ్లకు ఎన్ని పార్శిళ్లు వెళ్లాయోనన్న ఆలోచన ఆమెను వదల్లేదు.

దర్జీని కూతురు తన దగ్గరికి తీసుకుపోయింది. ఆయన మిషను ముట్టడం లేదని, చిన్నాచితకా కుట్లేవైనా ఉంటే చేత్తోనే వేస్తున్నాడని డ్రైవరు చెప్పాడు. టీచరమ్మ రెండుసార్లు ఫోను చేసింది. ఆయన బాగానే మాట్లాడాడు, ఆరోగ్యం అడిగాడు. కంప్యూటరు ఊసు ఇద్దరూ ఎత్తలేదు.

రెండు నెలలకు డ్రైవరే పట్టుబట్టి తన ఇంటి ముందుగదిలో నాలుగు కుర్చీలు వేశాడు. "ఒకసారి యాక్సిడెంటైందని బస్సులు ఆపేస్తామా? నడిపేవాడికి సరిగ్గా నేర్పుతాం," అన్నాడు. మొదటి రోజు వచ్చినవాళ్లు ముగ్గురు. నల్లకళ్లద్దాలు పెట్టుకుని అక్క కూడా వచ్చి కూర్చుంది.

టీచరమ్మ ఈసారి కంప్యూటరు తెరవకుండానే మొదలుపెట్టింది.

"గుర్తు ఎర్రగా ఉంటే ఆగిపోండి. దాన్ని నమ్మొచ్చు. పచ్చగా ఉంటే మాత్రం, దీని మీద ఇంకా ఎవరూ ఫిర్యాదు చేయలేదేమో అనుకోండి. తాళం ఉన్నా సరే. సైటు ఎప్పుడు పుట్టిందో చూడాలి. ఫోను నంబరుంటే చేసి మాట్లాడాలి. మందులైతే, మీకు తెలిసిన దుకాణంవాళ్లకి చూపించకుండా నోట్లో వేసుకోవద్దు."

"ఇంత తిరకాసు నాకెందుకమ్మా?" అంది అక్క. "నడిచెళ్లి దుకాణంలో కొనుక్కుంటాను."

"దుకాణంలో లేకపోతేనో, అక్కా?" అన్నాడు డ్రైవరు.

అందరూ టీచరమ్మ వైపు చూశారు. ఇన్నాళ్లుగా ఆమె ఆలోచిస్తున్నదీ అదే.

"నాకు తెలీదు," అంది ఆమె. "ముందుగా ఆ మాట చెప్పడానికే వచ్చాను. ఇప్పుడు కంప్యూటరు తెరవండి, తెలిసినంత చూద్దాం."

ఒకాయన లేచి వెళ్లిపోయాడు. మిగిలిన ఇద్దరూ, అక్కా కుర్చీలు ముందుకు జరుపుకున్నారు.