పడమటి గోడ

మధ్యాహ్నం భోజనమయ్యాక మేస్త్రీ చేతులు కడుక్కుని, బకెట్ నిండా నీళ్ళతో మెట్లెక్కేవాడు. ఆ ఐదంతస్తుల భవనంలో ఇరవై వాటాలు. ఏ ఇంట్లో గోడ మరీ కాలుతోందంటే అక్కడికి వెళ్ళి, రెండు అరచేతులూ గోడకి ఆనించి నిలబడేవాడు. గోడలోని వేడి ఆయన చేతుల్లోకి దిగేది. తర్వాత చేతులు బకెట్లో ముంచితే నీళ్ళు పొగలు కక్కేవి. ఇంటావిడ ఆ నీళ్ళతో అంట్లు తోముకునేది. చిక్కల్లా ఒకటే, రోజుకి మూడు గోడలు మించి చేతులు తట్టుకోవు.

ఆ గోడలు కట్టింది ఆయనే. కట్టేటప్పుడే కంట్రాక్టరు దగ్గర నెత్తీ నోరూ కొట్టుకున్నాడు.

"బాబూ, పడమటి వైపు రెండు వరసల గోడ కట్టి మధ్యలో వేడి ఆపే పలకలు పెడదాం. కిటికీల మీద వెడల్పుగా సన్‌షేడ్లు పోద్దాం. డాబాకి తెల్లరంగు వేద్దాం. లేకపోతే ఇవి ఇళ్ళు కావు, పొయ్యిలు."

"పలకలు గోడలో ఉంటే ఎవడికి కనపడతాయి మేస్త్రీ? నువ్వు ఇటుక పెట్టు."

పెట్టాడు. తాను మానేస్తే ఇంకెవడో పెట్టేవాడని ఎన్నిసార్లు సర్దిచెప్పుకున్నా మనసు కుదుటపడలేదు.

ఆ ఏడు ఎండలకి ఇరవై ఇళ్ళ ఏసీలూ ఒక్కసారే తిరిగి ట్రాన్స్‌ఫార్మర్ పేలిపోయింది. రెండు రోజులు కరెంటు లేదు. రెండోరోజు మేస్త్రీ మూడు గోడలు ముగించి, ఆవరణలోని తన రేకుల గది ముందు కూలబడ్డాడు. పై అంతస్తులో ఉండే మేనకోడలు పరుగున దిగివచ్చింది. ఆమె బిడ్డకి ఇరవై రోజులు.

"మామయ్యా, పిల్ల పాలు తాగడంలేదు. డాక్టరు చల్లటి గదిలో ఉంచమన్నాడు. ఏ గది చల్లగా ఉంది మామయ్యా?"

మేస్త్రీ లేచి ఆమె వెంట మెట్లెక్కాడు.

పడమటి గోడకి చేతులు ఆనించగానే అరచేతులు చుర్రుమన్నాయి. వెనకే వచ్చిన భార్య భుజం పట్టుకుని లాగింది.

"చాలండీ! మీ చేతులు చూసుకోండి ఒకసారి."

"నేను కట్టిన గోడే" అన్నాడు ఆయన. పొద్దుగుంకేదాకా చేతులు తియ్యలేదు.

గోడ తడిమట్టిలా చల్లబడింది. బిడ్డ కళ్ళు విప్పి, రొమ్ము అందుకుంది. మేస్త్రీ చేతులు నీళ్ళలో పెట్టాడు. నీళ్ళు అలాగే ఉన్నాయి. అరచేతుల్లో గీతలన్నీ చెరిగిపోయి, నున్నగా, తెల్లగా మెరుస్తున్నాయి.

ఆ తర్వాత ఏ గోడా ఆయన మాట వినలేదు. వేళ్ళు ముడవలేక తాపీ జారిపోయేది. తక్కిన పంతొమ్మిది ఇళ్ళవాళ్ళూ పల్లెత్తు మాట అనలేదు. మధ్యాహ్నం వేళ తలుపులు తీసి మెట్లవైపు మాత్రం ఒకసారి చూసేవారు. వీధి చివర అదే కంట్రాక్టరు ఇంకో భవనం లేపుతున్నాడు. మేస్త్రీ వెళ్ళి చూసొచ్చాడు. ఒంటి వరస గోడే.

వారం తర్వాత మేనకోడలు బిడ్డని తెచ్చి ఆయన ఒళ్ళో పెట్టింది.

"పిల్ల ఒళ్ళు వెచ్చగా ఉందేమో చూడు మామయ్యా. నాకు తెలియడంలేదు."

మేస్త్రీ ఆ చిన్న నుదుటిమీద అరచెయ్యి ఉంచాడు. చాలాసేపు అలాగే ఉంచాడు. బిడ్డ ఆయన్నే చూస్తోంది.

"మీ అత్తయ్యని పిలువమ్మా" అన్నాడు చివరికి.