ఉల్లిపాయల సంచిలో ఛార్జరు

పై గదిలో అద్దెకుండే రొట్టెలబ్బాయి తన కరెంటు బండి బ్యాటరీకి ఛార్జరు పెట్టాడంటే మిద్దె మొత్తం ఊగేది. ఊగిందంటే మరీ ఎక్కువేమో గానీ, గోడమీద బల్లి మాత్రం ఇల్లు ఖాళీ చేసి పక్కింటికి పోయింది. అది నిజం.

ఛార్జరు చూస్తే అరచెయ్యంత. దాంట్లో బొట్టుబిళ్ళంత ఫ్యాను. అది చెక్క నేలమీద కూర్చుని గుయ్‌య్ మంటుంది. ఆ నేలే కింది వాటాకి కప్పు. కింద ఉండేది ఇంటి ఓనరు, ఒకప్పటి రైలు డ్రైవరు, ఇంజను తాత. చీమకి జలుబు చేస్తే మెట్టు మీద నుంచే కనిపెట్టే చెవులాయనవి. ఆయన భార్య మామ్మకి రాత్రంతా దగ్గు, కన్ను మూతపడేది మధ్యాహ్నమే. రొట్టెలబ్బాయి పొద్దుటి రొట్టెలు ఇంటింటికీ వేసొచ్చి, సాయంత్రం రొట్టెల కోసం బ్యాటరీ నింపుకునేదీ మధ్యాహ్నమే.

నిన్న తాత పైకొచ్చి తేల్చేశాడు. "చూడబ్బాయ్, రేపు ఆ గుయ్‌కి మా ఆవిడ లేచిందా, ఎల్లుండి నీ సామాను వీధిలో ఉంటుంది."

ఊరంతా గాలిస్తే దొరికిన గది అదొక్కటే. అలాగని బ్యాటరీ నిండకపోతే పనే పోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

ఇవాళ ముందు బొంత కప్పాడు. చప్పుడు తగ్గింది. కాసేపటికి చెయ్యి పెడితే ఛార్జరు పెనంలా కాలుతోంది.

"తియ్యవయ్యా బాబూ! దానికి ఊపిరాడొద్దూ? గది కాదు, కొంపే పోతుంది!" అని పెళ్ళాం ప్లగ్గు పీకేసింది.

చల్లారాక స్టీలు బిందెలో పెట్టాడు. బిందె కచేరీ మొదలెట్టింది. కింద మామ్మ దగ్గింది. వీడు గబుక్కున ఛార్జరుని చేతిలోకి లాక్కున్నాడు. అంతే, గుయ్ మాయం! ఈగ ముక్కుతో పాడినంత సద్దు, అంతే.

"ఏమేవ్, ఇది అరిచేది నోటితో కాదే, కాళ్ళతో! నేలని తన్నకపోతే నోరెత్తదు."

"అయితే సాయంత్రం దాకా చంటిపిల్లలా చంకనేసుకుంటావా?"

అంటూనే ఆవిడ ఉల్లిపాయల వలసంచి బోర్లించింది. ఒక ఉల్లిపాయ డబ్ డబ్ మంటూ దొర్లింది. రొట్టెలబ్బాయి దానిమీదికి దూకి, పొట్టకింద పెట్టుకుని, కప్పలా అలాగే ఉండిపోయాడు. కింద అలికిడి లేదు. హమ్మయ్య.

ఛార్జరు వలసంచిలోకి పోయింది. దాన్ని పాత సైకిలు ట్యూబు ముక్కతో కప్పు కొక్కేనికి వేలాడదీశాడు. బ్యాటరీ కిటికీ పక్క రాతి అరుగు మీద. ఎర్రదీపం వెలిగింది. సంచికి గాలాడుతోంది, చప్పుడు లేదు. మొగుడూ పెళ్ళాం మాత్రం ఊపిరి బిగబట్టి కూర్చున్నారు.

అంతలో గుర్ర్‌ర్ మని ఒక మోత.

ఇద్దరూ సంచికేసి చూశారు. సంచి నోరెత్తలేదు. మళ్ళీ గుర్ర్‌ర్! వెంటనే మామ్మ దగ్గు. కాసేపటికి మెట్లమీద చెప్పుల టపటప.

"లేచింది! చప్పుడుకి మెలకువొచ్చిందంది! సర్దుకో సామాను!" తలుపు తోసుకుని వచ్చాడు తాత.

"తాతా, నీ కాళ్ళు పట్టుకుంటా. ఒక్కసారి చెవి పెట్టి విను."

తాత సంచికి చెవి ఆనించాడు. కళ్ళు మూశాడు. ఇంకో చెవి ఆనించాడు.

"ఇది మూగదే!" అన్నాడు తాత. "మరి మా ఆవిడ దేనికి లేచినట్టు?"

కింద నుంచి మామ్మ గొంతు లేచింది. "ఏమండీ! చప్పుడుకి లేచానన్నాను గానీ పైవాళ్ళ చప్పుడన్నానా? మంచం పక్కన కుర్చీలో గుర్రు పెట్టింది మీరేగా!"

"నేనా? నేనసలు నిద్రే పోలేదే!"

"ఇన్నాళ్ళూ ఆ గుయ్‌లో మీ గుర్రు కలిసిపోయింది. పాపం, వాళ్ళది వాళ్ళు ఆపుకున్నారు. అమ్మాయ్! ఆ సంచి ఇంకోటుంటే ఇటు పంపమ్మా, ఈయన్ని వేలాడదీద్దాం!"

తాత ముఖం ఒలిచిన ఉల్లిపాయలా పాలిపోయింది. సామాను ఊసెత్తకుండా మెట్లు దిగాడు.

పెళ్ళాం కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతోంది. రొట్టెలబ్బాయి మాత్రం కప్పు కొక్కెం కేసే చూస్తున్నాడు. ఆ మనిషిని అది మోస్తుందా అని వాడి బెంగ.