పీటతో సహా

నేను ఒక మొండి ఫోటోని. పుట్టిన దగ్గర్నుంచీ అందరూ నన్ను కత్తిరించాలనే చూశారు. నేను మాత్రం ఇంకా నిండుగానే ఉన్నాను.

తణుకులో ఒక పెళ్లి రిసెప్షన్ వేదిక మీద పుట్టాను. పెళ్లికూతురు హిమజ, పెళ్లికొడుకు సుధీంద్ర కన్నా నాలుగు వేళ్లు ఎత్తు. ఆ సంగతి వాళ్లిద్దరికీ పట్టలేదు, సుధీంద్ర పిన్ని రత్నమాలకు పట్టింది. ఎక్కణ్ణుంచో ఒక పీట తెచ్చి అతని కాళ్ల కింద వేసింది. "నడుం దాకే తీస్తానండి, ఫోటోలో పీట పడదు" అని ఫోటోగ్రాఫర్ మాట ఇచ్చాడు. సుధీంద్ర ఎక్కాడు. పీట ఊగింది. పడబోతూ అతను పెళ్లికూతురి భుజం పట్టుకున్నాడు, ఆమె అతని నడుం పట్టుకుంది, ఇద్దరూ పగలబడి నవ్వారు. ఫోటోగ్రాఫర్ కంగారుగా వెనక్కి జరిగి నొక్కేశాడు. అలా వచ్చాను నేను, తల నుంచి కాళ్ల దాకా, ఆమె పారాణితో, ఆ పీటతో సహా.

మిగతా ఫోటోలన్నిటిలో ఇద్దరూ బెంచీ ఎక్కించిన పిల్లల్లా బిగుసుకుపోయి ఉన్నారు. అందుకే ముందుగది గోడకు నన్ను ఎంచుకున్నారు. ఎంచుకున్న మరుక్షణమే కత్తిరించే మాట ఎత్తారు. మనుషులింతే, ముచ్చటపడ్డదాన్ని ఉన్నదున్నట్టు ఉండనివ్వరు.

ఒక ఆదివారం భోజనాలయ్యాక హిమజ లాప్‌టాప్ తెరిచింది. పక్కనే రత్నమాల కుర్చీ లాక్కుంది. ఉచితంగా ఫోటోలు కత్తిరించే వెబ్‌సైటు ఒకటి వెతికి నన్ను అందులోకి ఎక్కించారు. ఒక పక్క తలనూనె ప్రకటన, ఇంకో పక్క ఇళ్ల స్థలాల ప్రకటన, మధ్యలో నేను. నా చుట్టూ తెల్లగీతల చట్రం బిగిసింది.

నేను బెదరలేదు. అక్కడికి వెళ్లింది నా నకలే. కోత దానికి పడుతుంది, నాకు కాదు. కానీ గోడ ఎక్కేది నేనా, ఆ తెగిన నకలా? నా పంతమంతా అక్కడే.

"ఇంకాస్త పైకి లాగు అమ్మాయ్. పీట కనపడకూడదు."

"పైకి లాగితే నా పారాణి కూడా పోతుంది అత్తయ్యగారూ."

"నీ పారాణి ఎవరు చూస్తారే! వచ్చినవాళ్లు చూసేది ఎత్తే. మావాడు పొట్టోడని చాటింపు వేయించాలా?"

వంటింట్లో కాఫీ కలుపుతున్న సుధీంద్ర చెంచా ఆగిపోయింది. "కోసెయ్ హిమా, గొడవెందుకు" అన్నాడు అక్కణ్ణుంచే. ఆ గొంతులో నవ్వు లేదు.

హిమజ గీత పైకి లాగి నొక్కింది. పీట పోయింది. పారాణి పోయింది. మిగిలినదాంట్లో పెళ్లికొడుకు ఏ కారణమూ లేకుండా పక్కకు ఒరిగి, నోరు తెరిచి ఉన్నాడు. పెళ్లికూతురు అతణ్ణి ఎక్కడికో మోసుకుపోతున్నట్టుంది.

కాఫీలు పట్టుకొచ్చిన సుధీంద్ర తొంగిచూశాడు. "ఇదేంటి, తాగి తూలుతున్నట్టున్నాను?"

హిమజ ఫక్కున నవ్వింది. అతనికీ ఆగలేదు. ఇద్దరూ సరిగ్గా నాలో నవ్వినట్టే నవ్వారు. అతను వంగి, కోత రద్దుచేసే బటన్ తనే నొక్కాడు.

"పిన్నీ, నేను పొట్టోణ్ణేగా. ఇందులో దాచేదేముంది? పెళ్లిచూపుల్లోనే చూసిందిగా."

"చూడ్డమేంటి! చెప్పులు విప్పి మరీ పక్కన నిలబడి కొలుచుకున్నాను" అంది హిమజ.

"సరే, మీ ఇష్టం. రేపెవరైనా ఆ పీటేంటని అడిగితే నాకు తెలీదంటాను" అని మూతి తిప్పింది రత్నమాల.

"మా పిన్ని మోసుకొచ్చిందని మేం చెప్తాంలే!"

"నోర్ముయ్యరా వెధవా" అంటూనే ఆవిడ కాఫీ ఒలికేలా నవ్వింది.

ఇప్పుడు నేను గుమ్మానికి ఎదురుగా, అద్దం ఫ్రేములో ఉన్నాను. వచ్చినవాళ్ల చూపు నా ముఖాల మీద నుంచి మెల్లగా కిందికి దిగడం రోజూ గమనిస్తున్నాను. దిగనివ్వండి. పీట దగ్గర ఆగనివ్వండి. నవ్వొస్తే నవ్వండి, మొహమాటం వద్దు. మావాళ్లిద్దరూ మీకన్నా ముందే మొదలుపెట్టారు.