కుట్టుకి వదిలిన అరంగుళం

వీధిలో అందరూ ఆమెను కత్తెరమ్మ అంటారు. ముప్పై ఏళ్ళుగా బట్టలు కుడుతోంది. యాభై ఎనిమిదో ఏట, ఎవరూ చెప్పకుండానే, గుడ్డ మీద గుర్తులు పెట్టే సుద్దతో కాగితాల మీద బొమ్మలు గీయడం మొదలుపెట్టింది. కత్తెర, పాత చెప్పులు, మూత పోయిన కూజా, ఏది కనపడితే అది. "ఈ వయసులో ఇదేం పిచ్చే?" అని అక్క వెక్కిరించింది. వెక్కిరిస్తే వెక్కిరించనీ! రోజూ ఆ అరగంట గీతలతో కత్తెరమ్మకి హాయిగా నిద్ర పట్టసాగింది. ముక్కు మీదుండే కోపం సగానికి సగం తగ్గింది.

మొహాలు మాత్రం గీసేది కాదు. భయం.

ఆమె భర్త గడియారాలు బాగుచేసేవాడు. ఆయన కళ్ళు మసకబారుతున్నాయి. ఇంకో మూడు నెలల్లో చూపు పూర్తిగా పోతుందని, మందేమీ లేదని డాక్టరు తేల్చేశాడు. ఇంటికొచ్చి ఆయన అడిగింది ఒక్కటే.

"ఏమేవ్, చూపుండగానే నా బొమ్మ ఒకటి గీసిపెట్టు. చూసుకుంటాను."

కాదంటుందా? స్టూలు మీద కూర్చోబెట్టింది. కానీ చేతి అలవాటు ఎక్కడికి పోతుంది! టేపు తీసి నుదురు కొలిచింది, దవడ కొలిచింది, ఈ చెవి నుంచి ఆ చెవికి కొలిచింది. ఆ కొలతలకి, జాకెట్టుకి కుట్టు కోసం వదిలినట్టే, చుట్టూ అరంగుళం కలిపి మరీ గీసింది. బొమ్మలో గుమ్మడికాయంత తల వచ్చింది. ఆయన దాన్ని కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చూసి, పొట్ట పట్టుకుని నవ్వాడు.

"నా మొహానికి కూడా కుట్టుకి వదిలావా ఏంటే?"

ఆమెకి తల కొట్టేసినట్టయింది. కాగితం లాక్కుని పరపరా చింపి, గుడ్డపీలికల సంచిలో పడేసింది.

"నవ్వండి, నవ్వండి! బాగా వచ్చాకే చూపిస్తాను."

బాగా రావడానికి తీరికేదీ? రెండొందల స్కూలు యూనిఫారాలు నెత్తిన పడ్డాయి. ఇవి కానివ్వండి, అంది. ఆయన రెండుసార్లు అడిగి ఊరుకున్నాడు. అయ్యో, ఎంత తెలివితక్కువది! యూనిఫారాలు ఎవరైనా కుడతారు కదా.

ఆఖరి బొత్తాం కుట్టిన వారానికి, ఆయన టీ కప్పు కోసం బల్లంతా తడుముకున్నాడు.

మర్నాడే ఆమె గీయడానికి కూర్చుంది. ఈసారి టేపు ముట్టలేదు. చాలాసేపు ఊరికే ఆయన్ని చూసింది. ఎడమ కనుబొమ కింద చిన్న మచ్చ ఉంది. ఇన్నేళ్ళ కాపురంలో ఒక్కసారైనా దాన్ని గమనించలేదు. బొమ్మ అచ్చం ఆయనలాగే వచ్చింది.

"బాగా వచ్చిందా?"

"వచ్చిందండీ." ఆమె కాగితాన్ని ఆయన చేతికిచ్చింది.

ఆయన కాగితాన్ని తడిమాడు. వేళ్ళకి సుద్ద అంటుకుంది.

"ఆ మొదటిది చింపకుండా ఉంటే బాగుండేదే. నేను కళ్ళారా చూసుకున్న నా బొమ్మ అదొక్కటే. నువ్వు నాలుక బయటపెట్టుకుని గీస్తుంటే, అప్పుడు నిన్ను కూడా చూశాను."

"బుద్ధి లేక చింపానండీ," అని ఆమె వలవలా ఏడ్చింది. పీలికల సంచి ఎప్పుడో చెత్తబండిలో పోయింది.

కాసేపటికి కళ్ళు తుడుచుకుని, సుద్ద తీసుకుని, ఆ మంచి బొమ్మ చుట్టూ అరంగుళం వదిలి ఇంకో గీత గీసింది.

అది చూసి నవ్వాల్సిన మనిషి, "ఏం చేస్తున్నావే?" అని అడిగాడు.