ఎల్లాజీ మోకాళ్లు

పడవ బోల్తా కొట్టించినవాడిని ఊరు ఎన్నాళ్లు గుర్తుపెట్టుకుంటుంది? బారువ దగ్గరి ఆ రేవులో అయితే రెండేళ్లు దాటినా మరిచిపోలేదు. అప్పలరాజు టీ తాగడానికి వస్తే చాలు, "గ్లాసు బోల్తా కొట్టించకురోయ్!" అని ఎవడో ఒకడు అనేవాడు. వాడి నోరు పడిపోను, అందరూ పగలబడి నవ్వేవాళ్లు. అప్పలరాజు కూడా నవ్వేవాడు, లోపల చచ్చిపోతూ.

జరిగింది ఇదీ. 1996లో ఓ రోజు మామ ఎల్లాజీ చుక్కాని తెడ్డు అల్లుడి చేతికిచ్చాడు. ఒడ్డుకి రావాలంటే కెరటాలు విరిగే చోటు దాటాలి. అక్కడ మూడు నాలుగు పెద్ద కెరటాలు పోయాక కాస్త సందు దొరుకుతుంది. ఆ సందులో పడవని తిన్నగా తెచ్చెయ్యాలి. అడ్డం తిరిగిందా, ఇక అంతే సంగతులు. అప్పలరాజు సందు సరిగ్గానే పట్టాడు. కానీ సగం దాటేసరికి గుండె దడదడలాడింది, మోకాళ్లు వణికాయి. మునిగిపోతామని నా ఒళ్లే చెబుతోంది అనుకుని చెయ్యి సడలించాడు. పడవ అడ్డం తిరిగింది. అందులో ఉన్న ధనరాజు కాలు విరిగింది. అతను కుంటుతూ ఎదురొస్తే అప్పలరాజు తలెత్తలేకపోయేవాడు.

ఆ తర్వాత ముందు కొసన కూర్చుని మామూలు తెడ్డు వెయ్యడమే అతని పని. వెనక కొసన మామ నిలబడి, అందరినీ గద్దిస్తూ పడవని ఒడ్డెక్కించేవాడు. ఆయనకి భయమన్నది పుట్టుకతోనే లేదని, ఆయన వాటా కూడా తనకే వచ్చి పడిందని అప్పలరాజు నమ్మకం.

రెండేళ్ల తర్వాత, ఆషాఢంలో ఓ మధ్యాహ్నం గాలి తిరిగింది. వల లాగుతుంటే తాడు విదిలించి ఎల్లాజీ కుడి భుజం కీలు జారింది. ముసలాయన పళ్లు బిగించి వెనక కొసన కూలబడ్డాడు. సముద్రం అంతకంతకూ లేస్తోంది. పడవలోనే ఉన్న ఎల్లాజీ కొడుకు గోవిందరావు చుక్కాని ఎన్నడూ పట్టలేదు. ధనరాజు ఆ కాలితో నిలబడలేడు. ఇక మిగిలింది ఎవరో వేరే చెప్పాలా?

"అల్లుడూ, ఇలగొచ్చి పట్టీ," అన్నాడు ఎల్లాజీ.

"నావల్ల కాదు మావా! నీకు తెలీదేటి? మళ్లీ ముంచీత్తాను."

"ఇక్కడే కూకుంటే మునగమేటి? రారా!"

అదీ నిజమే. అప్పలరాజు వెనక్కొచ్చి తెడ్డు పట్టుకున్నాడు. ఎదర కెరటాలు విరుగుతున్న హోరు వినబడింది. వెంటనే గుండెలో అదే దడ, మోకాళ్లలో అదే వణుకు. అయిపోయింది అనుకుని మామ వైపు చూశాడు. కూలబడ్డ ఎల్లాజీ మోకాళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి.

"నొప్పా మావా?"

"నొప్పి భుజానికి కదరా. ఇదీ..." ముసలాయన సిగ్గుపడ్డాడు. "ఇదెప్పుడూ ఉన్నదే. ఆ హోరు ఇనబడితే సాలు. నలభై ఏళ్ల నుంచీని."

"నీకా!"

"నాక్కాక నీ తాతకా? ఒళ్లు పనికి సిద్ధమవతన్నాదిరా, అంతే. వణుకు రాని రోజు నాను తెడ్డే ముట్టను. మీ అత్తకి సెప్పావంటే సంపీత్తాను."

ముందు కొసన ఒడ్డుకేసి చూస్తూ కూర్చునేవాడికి వెనకాయన మోకాళ్లు ఎలా కనిపిస్తాయి? రెండేళ్లు! రెండేళ్లపాటు ఈ దడని శాపమనుకుని మోశాడే! అదే దడతో ఈ ముసలాడు నలభై ఏళ్లు పడవ నడిపాడా! అప్పలరాజుకి ఒళ్లు మండింది, నవ్వూ వచ్చింది. కాళ్లు ఎడం చేసి నిలబడ్డాడు. వణుకు పోలేదు. పోనక్కర్లేదు కూడా అనిపించింది.

ఒక కెరటం పోయింది. రెండు. మూడు.

"ఇప్పుడే!" అన్నాడు ఎల్లాజీ.

"ఇంకోటుంది మావా."

"ఏట్రా సేత్తన్నావు, సందు పోతాది!"

"నోరు మూసుకో!" అన్నాడు అప్పలరాజు. పెళ్లయిన పదకొండేళ్లలో మామని ఆ మాట అన్నది అదే మొదటిసారి. ఎల్లాజీ నిజంగానే నోరు మూసుకున్నాడు. నాలుగోది, తాటిచెట్టంత కెరటం, పడవ కిందనుంచి దూసుకుపోయి ముందుకెళ్లి విరిగింది.

"తెడ్లు లాగండ్రా! బావమరిదీ, లాగు!"

సగం దాటారు. వెనక కొస పైకి లేచింది. మునిగిపోతామేమో అన్న ఆలోచన రాబోయింది గానీ దానికి చోటేదీ? కొస ఎటు లాగుతోంది, చెయ్యి ఎంత నొక్కాలి, మనసంతా దాంతోనే నిండిపోయింది. గుండె దడదడలాడుతుంటే చేతుల్లోకి ఎక్కడలేని సత్తువా వచ్చింది. సడలించలేదు. ఇంకా బిగించాడు. పడవ తిన్నగా, నురుగు మీద జారుతూ వచ్చి ఇసకలో దిగబడింది.

ఒడ్డున ఉన్నవాళ్లంతా అరుస్తూ పరుగెత్తుకొచ్చారు. "అప్పలరాజా! ఆ కెరటాల్లో భయమెయ్యనేదేట్రా?"

ఎల్లాజీ గతుక్కుమన్నాడు. ఈ ప్రశ్నకి ఆయన నలభై ఏళ్లుగా, "భయమా? నాకా?" అని మీసం తిప్పుతూ వచ్చాడు మరి.

"ఎయ్యకేటి!" అన్నాడు అప్పలరాజు, ఊరంతా వినేలా. "మోకాళ్లు టకటకా కొట్టీసుకున్నాయి. ఇప్పటికీ ఆగనేదు, సూడండి!" లుంగీ పైకెత్తి మరీ చూపించాడు.

ఈసారి ఎవరూ నవ్వలేదు. ధనరాజు కుంటుకుంటూ వచ్చి అతని ఎదురుగా నిలబడ్డాడు. పక్కనే ఎల్లాజీ ఉన్నా ఆయన్ని అడగలేదు. ఆ రేవులో ఎవరైనా చుక్కాని పట్టేవాణ్ణి మాత్రమే అడిగే మాట, అప్పలరాజు కళ్లలోకి చూస్తూ అడిగాడు.

"రేపు ఎన్నింటికి బయల్దేరుదాం?"

అప్పలరాజు తలెత్తి సముద్రాన్ని ఒకసారి చూశాడు.

"నాలుగింటికి," అన్నాడు.