ఇరవై నిమిషాల వంతు

"కొంచెం గట్టిగా నొక్కు. ఇంకాస్త కిందికి... ఆ, అక్కడే."

భర్త కుడిచేతి బొటనవేలి మొదట్లో ఉన్న కీలును రెండు వేళ్ల మధ్య పట్టుకుని ఆమె నెమ్మదిగా తిప్పుతోంది. అతని కళ్లు టీవీ మీదున్నాయి. ఆమె ఫిజియోథెరపిస్టు. పొద్దున్నుంచీ ఆస్పత్రిలో పదకొండు మంది మెడలూ నడుములూ మోకాళ్లూ వంచి, చాచి, వాళ్లను నడిపించి ఇంటికొచ్చింది. రాగానే అత్తగారి మోకాళ్లు చూసింది, ఇప్పుడు మొగుడి బొటనవేలు. ఆస్పత్రిలో వాళ్లు వెళ్లేటప్పుడు కనీసం "వెళ్లొస్తామమ్మా" అంటారు. ఇంట్లోవాళ్లు వెళ్లేదెక్కడికి?

టీవీలో 'చివరి వంతెన' ట్రైలర్ నడుస్తోంది. ఇంకా బజారులోకి రాని తుపాకుల వీడియో ఆట అది. టీవీకి తగిలించే కొత్త కన్సోల్ పెట్టె మీద మాత్రమే ఆడాలి. మూడేళ్లనుంచి వస్తోంది వస్తోందని ఊరించి రెండుసార్లు వాయిదా పడింది. అతను బీమా ఆఫీసులో ఉద్యోగి. సాయంత్రాలు ఆటల మీద ఒక వెబ్‌సైట్‌కి వ్యాసాలు రాస్తాడు. ఆ రాతలో ఒత్తులు దిద్దేదీ, తెగని వాక్యాలు తెంచేదీ ఆమే. అందుకే ఆట చూడకపోయినా ఆమెకు దాని పుట్టుపూర్వోత్తరాలన్నీ తెలుసు. సముద్రం ముంచెత్తిన రేవు పట్నంలో ఇద్దరు సైనికులుంటారనీ, ఒకరు ముందు నడిస్తే రెండోవారు వెనక కాపు కాయాలనీ తెలుసు. తుపాకీలో గుళ్లు నింపేటప్పుడు చేతిలోని బటన్ల కంట్రోలర్ వణుకుతుందట. ఆ వణుకు గురించే అతను రెండు పేజీలు రాశాడు, చేతపట్టకముందే. విడుదల తేదీ చుట్టూ గోడ క్యాలెండర్ మీద ఎర్ర సున్నా చుట్టాడు. పక్కనుంచి వెళ్లినప్పుడల్లా ఆ సున్నాను చూసి ఆమెకు ఒళ్లు మండేది. మనిషికి మూడేళ్లపాటు ఎదురుచూసేందుకు ఒక వస్తువుండటం ఎంత అదృష్టం! తను అలా దేనికోసమైనా ఎదురుచూస్తోందా అని ఓ రోజు కూర తరుగుతూ వెతుక్కుంది. గ్యాస్ సిలిండర్ వచ్చే రోజు తప్ప ఇంకేమీ తట్టలేదు.

అయినా ఆట మీది అసూయ ఎలాగో భరించేది. డేగ మీది అసూయే మింగుడు పడలేదు.

ఆ మనిషి అసలు పేరేమిటో ఆమెకు తెలియదు. ఎనిమిది నెలలుగా భర్తతో ఇంటర్నెట్‌లో జోడీగా ఆడుతున్న ఎవరో ఆడమనిషి. ఆటలో పెట్టుకున్న పేరు డేగ. ఆరున్నర అయ్యేసరికి అతను హెడ్‌ఫోన్లు తగిలించుకుని హాల్లో కూర్చుంటాడు. హెడ్‌ఫోన్ల అంచుల్లోంచి డేగ నవ్వు కొంచెం కొంచెంగా చిందుతుంది. పెద్ద నవ్వు, ఎవరి అనుమతీ అక్కర్లేని నవ్వు. అప్పుడు అతని గొంతు వేరు. "నువ్వు వెళ్లు డేగా, నీ వెనక నేనున్నా" అంటాడు. "అబ్బ, ఏం కొట్టావ్!" అంటాడు. వంటింట్లో పొయ్యి ముందు నిలబడి ఆమె చెవులు రిక్కించేది. పెళ్లయి పదకొండేళ్లలో ఆ గొంతు తనకొక్కసారైనా వినిపించిందా? తండ్రి చనిపోయిన వారం తను ఆస్పత్రికీ ఇంటికీ ఒంటరిగా తిరుగుతున్నప్పుడు అతనన్నది, "ఏదైనా కావాలంటే ఫోన్ చెయ్" అనే. తప్పు మాట కాదది. కానీ వెనక నేనున్నా అనడం వేరు, ఫోన్ చెయ్యమనడం వేరు. డేగ ముఖం ఆమె మనసులో రోజుకో తీరుగా తయారయ్యేది. పాతికేళ్లు దాటని పిల్ల, సన్నటి మెడ, కత్తిరించిన జుట్టు. ఆ లేని మెడను తలుచుకుని ఉల్లిపాయలు మరీ సన్నగా తరిగేది.

"ఏమిటమ్మాయ్, ఎందుకలా ముటముటలాడతావు?" అని అత్తగారు ఓసారి అడిగింది. "వాడేం తాగుతున్నాడా, తిరుగుతున్నాడా? కళ్లముందే కూర్చుంటున్నాడు కదా. మగాడికి ఆ మాత్రం కాలక్షేపం ఉండొద్దూ?"

"మరి నా కాలక్షేపం ఏంటత్తయ్యా?"

అత్తగారు నిజంగానే ఆలోచించింది. "నీకు తీరికెక్కడే తల్లీ," అంది జాలిగా.

ఒకప్పుడు ఆమెకూ ఆడాలనిపించింది. పెళ్లయిన కొత్తలో అతని పక్కన కూర్చుని కంట్రోలర్ చేతిలోకి తీసుకుంది. రెండు నిమిషాలు కాకముందే అతను దాన్ని మెల్లగా లాగేసుకున్నాడు, పసిపిల్ల చేతిలోంచి కత్తి తీసుకున్నంత జాగ్రత్తగా. "నీకు రాదులే. కాస్త టీ పెట్టవూ?" అన్నాడు. కసిరి ఉంటే పోట్లాడేది. అంత మెత్తగా అన్నాడు కాబట్టే లేచి వెళ్లింది.

బొటనవేలు తిప్పుతుండగానే అతని ఫోన్ మోగింది. సందేశం చదివి ఎగిరి కూర్చున్నాడు. "వచ్చింది! ఇద్దరికీ వచ్చింది! శనివారం ప్రదర్శన హాల్లో ముందుగా ఆడనిస్తున్నారు. జోడీకి ఇరవై నిమిషాలు. వేలమంది పేర్లిస్తే మనకి తగిలింది. నీ పేరు కూడా ఇచ్చాలే."

"నా పేరా?"

తను వద్దనుకున్నా ముఖం వెలిగిపోయిందని ఆమెకే తెలిసింది.

"అవును, నీ గుర్తింపు కార్డూ నీ ఫోన్ నంబరూ. డేగ పేరు తగల్లేదు పాపం. నువ్వొచ్చి కార్డు చూపిస్తే చీటీ ఇస్తారు. అది డేగకిచ్చెయ్. ఐదు నిమిషాల పని. తర్వాత బయట ఎక్కడైనా కూర్చో, కాఫీ తాగు."

ఆమె అతని వేలు వదిలేసింది. "అయిపోయిందా?" అన్నాడు అతను వేలు ఆడించి చూసుకుంటూ. "నీ చేతిలో ఏదో మహత్యముందే."

శనివారం ఆమె సెలవు పెట్టింది. వెళ్లకుండా ఉండొచ్చు, కానీ డేగ ముఖం చూడాలి. అతని చొక్కా ఇస్త్రీ చేసింది. తన లేతనీలం చీర రెండుసార్లు ఇస్త్రీ చేసింది. చెవులకు ఒక జత పెట్టుకుని, తీసి, ఇంకో జత పెట్టుకుని, అద్దంలో తనను తాను చూసుకుని సిగ్గుపడింది. ఎవరి కోసం ఈ ముస్తాబు? మొగుడి కోసం కాదు, మొగుడు మెచ్చుకునే ఆడదాని కోసం.

హాల్లో తిరునాళ్లలా జనం. కార్డు చూపించి, సంతకం పెట్టి, 'నలభై రెండు' అని రాసిన చీటీ తీసుకుంది. అతను మెడ నిక్కించి జనంలో వెతుకుతున్నాడు. అప్పుడే ఆమెకు అర్థమైంది, డేగను అతనూ ఎప్పుడూ చూడలేదని.

"ఏమయ్యా, నువ్వేనా?"

ఆ నవ్వు వెనకనుంచి వచ్చింది. తిరిగి చూస్తే నలభై అయిదేళ్ల భారీ మనిషి. నెరిసిన జుట్టు ముడి, మగవాళ్ల చొక్కా, గోళ్లకింద నల్లటి గ్రీజు. లిఫ్టులు బాగుచేసే మెకానిక్కట. పొద్దున్నే రెండు లిఫ్టులు చూసి, మూడు గంటలు బస్సులో కూర్చుని వచ్చానంది. అతను ఒక్క క్షణం మాట తడబడ్డాడు. అతని మనసులో ఉన్న డేగకూ సన్నటి మెడే ఉందేమో. ఆమెకు మాత్రం ఊరట కలగలేదు. అందగత్తె అయ్యుంటే అసూయకొక లెక్క ఉండేది. ఈ మనిషి ఎవరికీ నచ్చాలని చూడకుండా, నడుంమీద చేతులేసుకుని, హాలంతా తనదే అన్నట్టు నిలబడింది.

"చాలా థాంక్సమ్మా," అంది డేగ ఆమె చేతులు పట్టుకుని. "నీకు ఆటలంటే గిట్టదటగా. అయినా నాకోసం ఇంత దూరం వచ్చావు."

ఆమె భర్త వైపు చూసింది. అతను గడియారం చూసుకుంటున్నాడు.

"నలభై రెండు!" అని తలుపు దగ్గర ట్యాబ్ పట్టుకున్న అమ్మాయి పిలిచింది. ఆట తయారుచేసిన కంపెనీ మనిషి. భర్త ఆమె వైపు చెయ్యి చాపాడు, ఉప్పు అందించమన్నంత మామూలుగా. "చీటీ ఇలా ఇవ్వు."

"నేను ఆడతాను."

"ఏంటి?"

"పేరు నాది. నేనే ఆడతాను."

"ఇప్పుడా జోకులు? ఆవిడ మూడు గంటలు బస్సులో వచ్చింది!" అని పళ్ల బిగువున అన్నాడు.

డేగ ముఖం వాడిపోవడం ఆమె చూసింది. చూసి సంతోషించింది. అది మంచి సంతోషం కాదని తెలిసినా దాన్ని ఆపుకోలేదు. ఎనిమిది నెలల వంటింటి సాయంత్రాలకు అది చిన్న జీతంలా అనిపించింది. డేగ అతని వైపు తిరిగి, "ఆవిడకి గిట్టదన్నావే?" అని మాత్రం అడిగింది.

"మీ వంతు దాటిపోతుంది సార్," అంది ట్యాబ్ అమ్మాయి. "మీరు కావాలంటే తాడు వెనక నిలబడి చూడొచ్చు మేడమ్," అని డేగతో చెప్పింది.

కంట్రోలర్ ఆమె అనుకున్నదానికంటే బరువుగా ఉంది. తెర మీద వాన మొదలైంది. "నా వెనకే రా. ఏమీ ముట్టుకోకు," అని అతను ఉరికాడు. ఆమె సైనికుడు మాత్రం అక్కడే గోడకేసి తల కొట్టుకుంటున్నాడు. ఎటు నొక్కినా ఆకాశమో నేలో కనపడుతోంది. ఎక్కడినుంచో గుండు తగిలి తెర ఎర్రబడింది. చేతుల్లో ఆ వణుకు! రెండు పేజీల వ్యాసంలో ఒత్తులు దిద్దింది కానీ, అది అరచేతులనుంచి మోచేతుల దాకా పాకుతుందని అతనెక్కడా రాయలేదు.

"చెల్లెమ్మా," అని వెనకనుంచి గొంతు. "ఎడమ బొటనవేలితో నడువు. కుడి బొటనవేలితో చూడు. ముందు గోడ చాటుకి పో. కంగారేం లేదు."

"డేగా, నాకు చెప్పు! కుడివైపు ఎంతమంది?" అని అరిచాడు అతను.

"నీకు చెప్పడానికేముంది, రోజూ చెప్పేదేగా. చెల్లెమ్మా, అదిగో, అలా. ఇప్పుడు మెట్లెక్కు."

ఆమె మెట్లెక్కింది. ఒక్కో మెట్టూ తను నొక్కితేనే వస్తోంది. పైన వంతెన మీద నిలబడితే మునిగిన పట్నమంతా కనిపించింది. నీళ్లలో దీపాలు. ఎవరూ ఏమీ అడగడం లేదు. ఇంతమంది మగాళ్లు ఇన్నేళ్లుగా తలుపులు మూసుకుని చూస్తున్నది ఇదా అనిపించి, కొత్త అసూయ పొంగింది. ఇంతలో పొగమంచులో ఏదో కదిలింది. ఆమె తుపాకీ ఎత్తి కాల్చింది.

"నన్ను కాల్చావే!" అని అతను కుర్చీలోంచి సగం లేచాడు.

డేగ నవ్వు హాలంతా మోగింది. ఈసారి దాన్ని ఆపడానికి హెడ్‌ఫోన్లు లేవు. ఆమెకూ నవ్వొచ్చింది.

"లేపు! చతురస్రం బటన్ నొక్కి పట్టుకో! లేపవే!"

లేపడం ఆమె రోజంతా చేసే పనే. కానీ వాన చూస్తూ ఇంకాస్సేపు నిలబడి, తర్వాత తీరిగ్గా వెళ్లి లేపింది. అతని సైనికుడు కర్ర ఊతంగా కుంటుతూ లేచాడు. ఆమె కళ్లు అక్కడే ఆగిపోయాయి. చుట్టూ గుళ్లు పేలుతున్నా ఆ నడకనే చూసింది. సమయం అయిపోయింది.

కంట్రోలర్లు తీసుకోవడానికి వచ్చిన ట్యాబ్ అమ్మాయి, "ఎలా ఉంది?" అని అడిగింది. అతను రాసుకొచ్చిన పన్నెండు ప్రశ్నల కాగితం తీశాడు.

"కర్ర తప్పు చేతిలో ఉంది," అంది ఆమె.

"ఏంటి మేడమ్?"

"దెబ్బ ఎడమకాలికి. కర్ర కుడిచేత్తో పట్టుకోవాలి. అప్పుడే దెబ్బతిన్న కాలిమీద బరువు తగ్గుతుంది. మీవాడు ఎడమచేత్తో పట్టుకున్నాడు. అలా నాలుగు రోజులు నడిస్తే నడుం కూడా పోతుంది." లేచి నిలబడి, చీర కుచ్చిళ్లు కాస్త ఎత్తి పట్టుకుని, నాలుగడుగులు కుంటి చూపించింది.

ఆ అమ్మాయి గబగబా రాసుకుంది. "ఇంకోసారి నడుస్తారా? వీడియో తీసుకోవచ్చా? మూడేళ్లలో మాకెవరూ ఈ మాట చెప్పలేదు. మీరేం చేస్తుంటారు మేడమ్?" చెప్పింది. పేరూ నంబరూ అడిగితే అవీ ఇచ్చింది. పన్నెండు ప్రశ్నల కాగితం అతని చేతిలోనే ఉండిపోయింది.

బయటికొచ్చాక ఆమె డేగ ముందు నిలబడింది. "మీ వంతు లాక్కున్నాను."

"లాక్కున్నావు," అంది డేగ దాపరికం లేకుండా. "బాధగానే ఉంది. బస్సులో తిట్టుకుంటూ పోతాలే." ఆమెను కాస్త పక్కకు తీసుకెళ్లి, "మళ్లీ ఆడాలనుందా?" అని అడిగింది.

తిరుగు ప్రయాణంలో క్యాబ్ వెనకసీట్లో ఇద్దరి మధ్యా ఖాళీ ఉంది. అతనన్నాడు, "ఆ కర్ర సంగతి బాగుంది. వ్యాసంలో రాస్తాను. ఇంకేం గమనించావు? ఆ వణుకు ఎలా అనిపించింది?"

"చెప్పను."

"అదేంటి?"

"అది నేను చూసింది. కావాలనుకుంటే నేనే రాస్తాను."

అతను నవ్వబోయి ఆగాడు. సిగ్నల్ దగ్గర కారు నిలిచింది. అతను కిటికీలోంచి బయటికి చూస్తూ, అదేదో మామూలు మాటన్నట్టు, "చివర్లో డేగా నువ్వూ పక్కకెళ్లి ఏం మాట్లాడుకున్నారు?" అన్నాడు.

"ఆమెకి ఆదివారాలు సెలవట. రేపు వాళ్లింటికి రమ్మంది. ఆడుకోవడానికి. ఒంటిగంట బస్సుకి వెళ్తున్నాను."

"ఇద్దరేనా? మరి నన్ను రమ్మనలేదా?"

ఆ గొంతును ఆమె వెంటనే గుర్తుపట్టింది. దాని పేరేమిటో, అది ఎక్కడినుంచి పుడుతుందో, ఎన్ని సాయంత్రాలపాటు మనిషిని లోపల్లోపల కోస్తుందో ఆమెకంటే ఎక్కువ తెలిసినవాళ్లు ఎవరూ ఉండరు. జాలి కూడా కలిగింది. అయినా, "మిమ్మల్ని పిలవలేదండీ," అంది.