భూమేశ్ ప్లాటు, అంబిక బర్రె

బాన్సువాడలో ప్లాటు రిజిస్ట్రేషన్ దగ్గర పడేసరికి ఆటో భూమేశ్ కాళ్లు నేల మీద ఆనడం లేదు. కోటగిరి రూటులో ఏళ్ల తరబడి ఆటో నడిపి కొంటున్నాడు మరి.

"ఇద్దరి పేర్ల మీద రాయిద్దాం" అంది భార్య అంబిక.

"నీ పేరెందుకే? సంపాదించింది నేను. ఇంట్ల కూసునేటోళ్లకు వాటా ఏంది?"

అంబిక వాదించలేదు. బర్రె పాలు పిండే చెంబు అతని చేతిలో పెట్టి, "అట్లనా? అయితే మా తల్లిగారింట్ల కూసుంట" అని సంచి సర్దుకుని వెళ్లిపోయింది.

తిండికి హోటలుందిలే అనుకున్నాడు భూమేశ్. చిక్కంతా బర్రెతోనే వచ్చింది. సాయంత్రం పొదుగు మీద చెయ్యి వేయగానే ఫెడేల్మని తన్నింది. చెంబొక దిక్కు, భూమేశొక దిక్కు. తవుడు పెట్టాడు, బుజ్జగించాడు, చివరికి దండం పెట్టాడు. మళ్లీ తన్నింది.

గోడ మీంచి చూస్తున్న పక్కింటి మోతీబాయి, "అది అంబికకే పాలు చేపుతది అన్నా. ఆమె చీర కట్టుకొని కూసో, వాసనకు ఊకుంటది" అంది.

తెల్లవారి భూమేశ్ ప్యాంటు మీదే అంబిక చీర చుట్టి, కొంగు ముసుగేసుకుని కూర్చున్నాడు. బర్రె వాసన చూసి నెమ్మదించింది. చెంబులో పాలధార పడింది. ఆనందం పట్టలేక "శెబాష్!" అని అరిచాడు. బర్రె తల తిప్పింది. ముసుగులో మీసం కనబడింది. అంతే, గుంజ పీక్కుని రోడ్డెక్కింది.

కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని భూమేశ్ వెంట పరుగెత్తాడు. బర్రె పోయి పోయి రిజిస్ట్రేషన్ ఆఫీసు ముందు, దస్తావేజులు రాసే గంగయ్య బల్ల దగ్గర ఆగింది. భూమేశ్ సిగ్గుతో ముసుగు ఇంకా కిందికి లాగాడు.

"భయపడకమ్మా" అన్నాడు గంగయ్య జాలిగా. "మొగుడు వాటా ఇయ్యనంటుండా? నీ చాకిరి ఆయనకు కనబడ్తలేదా?"

ఇంతలో మోతీబాయి ఫోన్ చేస్తే బయలుదేరిన అంబిక, దారిలో తన బర్రెను చూసి ఆటో దిగింది. నాలుకతో చప్పుడు చేయగానే బర్రె దూడలా ఆమె దగ్గరికి నడిచింది. అంబిక చీర కట్టిన మొగుణ్ని పైనుంచి కిందికి చూసింది.

"ఇంట్ల కూసోక రోడ్డు మీద ఏం పని నీకు?"

భూమేశ్ ముసుగు తీసి, "గంగయ్యన్నా, ఇద్దరి పేర్లు రాయి" అన్నాడు. మీసమున్న ఆడమనిషిని చూసి గంగయ్య చాయ్ గ్లాసు జారవిడిచాడు.

అనుకున్న రోజే ఇద్దరూ వేలిముద్రలేశారు. బర్రె ఇప్పటికీ భూమేశ్‌ను పొదుగు ముట్టుకోనివ్వదు. పేడ మాత్రం ఎత్తనిస్తుంది. ఆటో తీసే ముందు రోజూ అదే పని.